బడి పుట్టింది ఏ సంవత్సరంలో? మునిసిపల్ హైస్కూలు చరిత్ర రాయబోయేవారికి

మీరు అడిగింది ఇదీ. గోదావరి డెల్టాలో ఒక మునిసిపల్ పట్టణం, అక్కడి హైస్కూలు పాత విద్యార్థులు బడి చరిత్ర పుస్తకంగా వేద్దామనుకున్నారు. గేటు మీద బోర్డు ‘స్థాపితం 1919’ అంటోంది. పాత బ్లాకు వరండాలో శిలాఫలకం మీద ‘అక్షయ నామ సంవత్సర మాఘ మాసం’ అని ఉంది, దాన్ని ఎవరో 1926 అని లెక్కగట్టారు. రిటైరైన మాస్టారొకరు ‘1946లో గాని అది హైస్కూలు కాలేదు’ అంటున్నారు. బీరువాలో దొరికిన ఎస్.ఎస్.ఎల్.సి. (సెకండరీ స్కూలు లీవింగ్ సర్టిఫికెట్, హైస్కూలు చివరి పరీక్ష) సర్టిఫికెట్ పుస్తకాలేమో 1949 నుంచి మొదలవుతున్నాయి. వీటిలో ఏది నిజం? శతాబ్ది లెక్క ఎక్కణ్ణుంచి వేయాలి?

ఆ 1926 ఒక్కటి తప్పు, దాని సంగతి కింద చెబుతాను. మిగతావన్నీ నిజమే కావచ్చు. ఎందుకంటే అవి ఒకే సంగతికి తేదీలు కావు. మన వైపు పాత హైస్కూళ్ళు చాలావరకు ఒక్క రోజున పుట్టినవి కావు. ముందు ఓ ఎలిమెంటరీ బడి, ఆనక హయ్యర్ ఎలిమెంటరీయో మిడిల్ స్కూలో, ఆ పైన ఏడాదికో ఫారం (అంటే పై తరగతి) కలుపుకుంటూ హైస్కూలు. మధ్యలో యాజమాన్యం మారుతుంది, స్థలం మారుతుంది, పేరు మారుతుంది. అందుకని ‘స్థాపన’ అని ఒక్క గడి పెట్టుకుంటే తగవు తీరదు. ఆరు గడులు గీయండి: బడి తెరిచిన ఏడు, సెకండరీ ఫారాలు మొదలైన ఏడు, నాలుగో ఫారం పెట్టిన ఏడు, మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. జట్టు బయటికి వెళ్ళిన ఏడు, ఇప్పటి స్థలానికి వచ్చిన ఏడు, మునిసిపాలిటీ చేతికి వచ్చిన ఏడు. ఒక్కో గడికి ఒక్కో కాగితం చూపించాలి. కాగితం దొరకనిది ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి పుస్తకానికి పరువు తక్కువ కాదు, ఊహతో నింపిన గడే తక్కువ.

ముందు ఫారాల లెక్క తెలియాలి, లేకపోతే ఏ రిజిస్టరూ అర్థం కాదు. మద్రాసు రాష్ట్రపు పద్ధతిలో ఎలిమెంటరీ అయిదు తరగతులు. ఆ పైన ఫస్టు ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి, సిక్స్తు ఫారం అంటే పదకొండు. ఒకటి నుంచి మూడు ఫారాలు కింది సెకండరీ, నాలుగు నుంచి ఆరు ఫారాలు హైస్కూలు. కాబట్టి నాలుగో ఫారం తెరిచిన జూన్ నెలే ఆ బడి హైస్కూలుగా మొదలైన నెల. 1946 జూన్‌లో నాలుగో ఫారం పెడితే 47లో అయిదు, 48లో ఆరు, 1949 వేసవిలో మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. మీ మాస్టారి 1946కీ బీరువాలోని 1949కీ మధ్య ఉన్న మూడేళ్ళు ఇవే. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. డిపార్టుమెంటు గుర్తింపు కూడా ఒక్కో ఫారానికి విడివిడిగా, తాత్కాలికంగా వచ్చేది. అందువల్ల ఫైల్లో ‘రికగ్నిషన్’ అన్న మాట చూడగానే హైస్కూలు తేదీ దొరికిందని సంబరపడకండి, ఏ ఫారానికి ఇచ్చారో చూడండి.

ఇంకో చిక్కు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు రెండు రకాల బళ్ళలో ఉండేవి. హయ్యర్ ఎలిమెంటరీ బడిలో ఎనిమిదో తరగతి చదివినవాడు ఇ.ఎస్.ఎల్.సి. (ఎలిమెంటరీ స్కూలు లీవింగ్ సర్టిఫికెట్) పరీక్షకు వెళ్ళేవాడు. సెకండరీ బడిలో థర్డు ఫారం చదివినవాడు ఫోర్తు ఫారానికి వెళ్ళేవాడు. వయసు ఒకటే, దారులు వేరు, వాటికి డబ్బిచ్చే ఖాతాలూ వేరు. మీ బడి 1919లో ఏ రకమో తేలాలి. రిజిస్టరులో ‘8వ తరగతి’ అని రాసి ఉంటే ఒక కథ, ‘థర్డ్ ఫారం’ అని ఉంటే ఇంకో కథ.

ఎస్.ఎస్.ఎల్.సి. అన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో 1911లో వచ్చింది. అంతకు ముందు మెట్రిక్యులేషన్, అది యూనివర్సిటీ పరీక్ష. పెద్దవాళ్ళు ‘మా నాన్నగారు మెట్రిక్’ అన్నంత మాత్రాన బడి 1911కి ముందుదని అనుకోవద్దు. ఆ మాట ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చాక కూడా దశాబ్దాలపాటు జనం నోట్లో నలుగుతూనే ఉంది.

ఇప్పుడు యాజమాన్యం. మీ ఊరు మునిసిపాలిటీ అయిన సంవత్సరం మీరు రాయలేదు. ముందు అది కనుక్కోండి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు 1866 నాటికే మునిసిపాలిటీలు. భీమవరం అయింది 1948లో, నరసాపురం 1956లో. 1948లో మునిసిపాలిటీ అయిన ఊళ్ళో 1919 నాటి ‘మునిసిపల్’ బడి ఉండే వీలు లేదు. ఆ బడి అప్పుడు తాలూకా బోర్డుదో, జిల్లా బోర్డుదో, ఊరి పెద్దల కమిటీదో, మిషన్‌దో అయి ఉండాలి. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి. జిల్లా బోర్డు హైస్కూళ్ళు 1959 నవంబరులో జిల్లా పరిషత్తుల చేతికి వెళ్ళాయి. పట్టణం నడిబొడ్డున ఉండి కూడా కొన్ని బళ్ళు ఇప్పటికీ ‘జడ్పీ హైస్కూలు’ అని పిలిపించుకోవడం వెనక సంగతి అదే: ఊరు మునిసిపాలిటీ అయినా బడి బోర్డు దగ్గరే ఉండిపోయింది. మీది ఏ దారిలో వచ్చిందో తేలితే పాత ఫైళ్ళు ఏ ఆఫీసులో వెతకాలో కూడా తేలుతుంది.

జిల్లా కూడా మారుతూ వచ్చింది, ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. 1859 నుంచి గోదావరి జిల్లా. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, యర్నగూడెం తాలూకాలు, నరసాపురం తాలూకాలో చాలా భాగం కృష్ణా జిల్లాకు వెళ్ళాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ విడగొట్టారు. మీ ఊరు పడమటి గట్టునుంటే 1904–1925 మధ్య కాగితాలన్నీ కృష్ణా జిల్లా పేరు మీద ఉంటాయి. 1907లో హెమింగ్వే అనే ఇంగ్లీషు అధికారి తెచ్చిన గోదావరి గెజిటీర్‌లో (జిల్లా వివరాల గ్రంథం) భీమవరం, తణుకు తాలూకాలు కనబడక ‘తెల్లవాళ్ళు మా ఊరిని పట్టించుకోలేదు’ అని నిష్ఠూరమాడేవాళ్ళున్నారు. ఆ తాలూకాలు అప్పటికి ఆ జిల్లాలోనే లేవు. 1919 మీ అసలు తేదీ అయితే, మీరు పడమటివారైతే, వెతకాల్సింది కృష్ణా జిల్లా బోర్డు పేరు కింద.

బడిని ఇంకా వెనక్కి, 1850లకు లాగాలన్న ఉత్సాహం ఈ డెల్టాలో తరచూ కనిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు. నరసాపురంలో సబ్‌కలెక్టరుగా ఉన్న టేలర్ ఆ దశాబ్దంలో గ్రామ బళ్ళు పెట్టించాడు. రైతులు శిస్తుతోపాటు బడికని కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. వీటినే ‘రేటు స్కూళ్ళు’ అన్నారు. ఈ వసూలుకు చట్టబలం కోసమే ముఖ్యంగా 1863 నాటి మద్రాసు విద్యా చట్టం వచ్చింది. ఆనకట్ట నీళ్ళు పొలాలకెక్కిన కొత్తరోజులు, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కాలం, అందుకే ఆ ప్రయోగం ఇక్కడ నిలబడిందని నా అభిప్రాయం. కానీ మీ ఊళ్ళో ఒకప్పుడు రేటు స్కూలుండటం వేరు, అదే బడి కొనసాగి హైస్కూలు కావడం వేరు. రెంటినీ కలపాలంటే మధ్యకాలంలో అదే యాజమాన్యమో, అదే స్థలమో, అదే రిజిస్టరో సాగినట్టు చూపాలి. చూపలేకపోతే ముందుమాటలో ఒక పేరా రాసి వదిలేయండి, బోర్డు మీదికి ఎక్కించకండి.

ఇక అసలు పని, అడ్మిషన్ రిజిస్టరు. బళ్ళో శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డు ఇది. హాజరు పట్టీలు, ఫీజు పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు గడువు తీరాక తీసేస్తారు, ఇది తీయకూడదు. పెద్ద సైజు, అట్ట ఊడిపోయి, వెన్ను మీద గుడ్డ అంటించి ఉంటుంది. అడ్డంగా రెండు పేజీలు కలిపి ఒక వరస: అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ, పిల్లవాడి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, ఇంతకు ముందు చదివిన బడి, చేరిన తరగతి, వెళ్ళిన తేదీ, వెళ్ళేటప్పటి తరగతి, టీసీ నంబరు.

మొదట చూడాల్సింది మీ దగ్గరున్న అతి పాత రిజిస్టరులో మొదటి నంబరు. అది 1 అయితే అదృష్టం. కాకపోతే అంతకు ముందుది పోయిందన్నమాట. పోయినా లెక్క కట్టొచ్చు. ఉదాహరణకి, మొదటి వరస 2,316 అనుకోండి, తేదీ 1931 జూన్. ఆ తర్వాతి అయిదేళ్ళలో చేరికలు చూస్తే ఏడాదికి సగటున 190 ఉన్నాయనుకోండి. 2,315ను 190తో భాగిస్తే పన్నెండేళ్ళ పైచిలుకు. అంటే 1919 దగ్గరికి వస్తుంది. కొత్త బడికి మొదటేడు అంతమంది రారు గనక బడి అంతకన్నా కొంచెం ముందుదై ఉండాలేగాని తరవాతది కాదు. ఇది రుజువు కాదు, బోర్డు మీద ఉన్న ఏడు నమ్మదగ్గదేనా అని చూసుకునే తూకం మాత్రమే. ఒక జాగ్రత్త: యాజమాన్యం మారినప్పుడో, ఎలిమెంటరీని విడగొట్టినప్పుడో నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టే అలవాటుంది. ఎక్కడైనా సంఖ్య ఉన్నట్టుండి పడిపోతే ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడ ఏదో జరిగింది.

రెండోది, నాలుగో ఫారం ఎప్పుడు పెట్టారన్నది. చాలామంది ‘చేరిన తరగతి’ గడిలో ఫోర్తు ఫారం కోసం వెతికి, దొరక్క, లేదనుకుంటారు. ఇదే బళ్ళో థర్డు ఫారం పాసై పైకి వెళ్ళిన పిల్లవాడికి కొత్త అడ్మిషన్ వరస ఉండదు. బయటి బడి నుంచి వచ్చినవాడికే ఉంటుంది. కాబట్టి కుడి పేజీ చూడండి: ‘వెళ్ళేటప్పటి తరగతి’ గడిలో ఫోర్తు ఫారం అని మొదటిసారి ఎప్పుడు కనిపించింది? ఆ తరవాత ఏ వేసవిలో సిక్స్తు ఫారం పూర్తయినవాళ్ళు ఒకే వారంలో ఇరవై ముప్ఫైమంది గుంపుగా టీసీలు తీసుకున్నారు? అదే మొదటి జట్టు. మీ బీరువాలోని 1949 పుస్తకాలతో ఈ గుంపు సరిపోలితే ఆ గడి నిండినట్టే. మిగిలిపోయిన పుస్తకాలంటే తీసుకువెళ్ళనివాళ్ళవి, కాబట్టి వాటి సంఖ్యను జట్టు సంఖ్యగా రాయొద్దు.

టీసీల గుంపులు ఊరి చరిత్ర కూడా చెబుతాయి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. కాకినాడ బడి రిజిస్టరులో ఆ నెలల్లో టీసీలు కట్టలు కట్టలుగా కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న అదే. ‘ఇంతకు ముందు చదివిన బడి’ గడిలో చుట్టుపక్కల ఏ ఊళ్ళ పేర్లున్నాయో పట్టీ వేస్తే, ఏ లంకల నుంచి, ఏ కాలవగట్టు ఊళ్ళ నుంచి పిల్లలు పట్నం బడికి వచ్చారో పటం మీద గీయొచ్చు. సంఖ్యల కన్నా ఆ పటమే పుస్తకానికి అందం.

హెడ్మాస్టరు గదిలో చెక్క బోర్డు మీద తెల్ల రంగుతో హెడ్మాస్టర్ల పేర్లుంటాయి. దాన్ని సగం నమ్మండి. ఆ బోర్డులు సాధారణంగా ఏ వార్షికోత్సవానికో ఒకేసారి రాయించినవి, అంతకు ముందు కాలానిది ఎవరి జ్ఞాపకమో. ఇన్‌ఛార్జిగా ఏడాది నడిపినవారి పేరు ఉండదు. దాన్ని జీతాల అక్విటెన్స్ రిజిస్టరుతో పోల్చాలి, అందులో నెల నెలా సంతకాలుంటాయి. పేరు పక్కన టీచరు ట్రైనింగు డిగ్రీ కూడా ఓ ఆనవాలే: బి.ఏ., ఎల్.టి. అంటే పాత తరం, తరవాత బి.టి., ఇంకా తరవాత బి.ఇడి.

ఆ జీతాల పుస్తకంలో అంకెలు ఎత్తి రాసేటప్పుడు కన్ను జాగ్రత్త. ‘45–8–0’ అంటే నలభై అయిదు రూపాయల ఎనిమిది అణాలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు (పై అంటే దమ్మిడీ, నయాపైస కాదు). అంటే నలభై అయిదున్నర. దాన్ని 45.80 అని టైపు చేసిన సంచికలున్నాయి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1 నుంచే.

శిలాఫలకం దగ్గరికి వద్దాం. ‘అక్షయ’ అంటే అరవయ్యో సంవత్సరం, క్షయ అనీ అంటారు. అది 1926 ఉగాదికి మొదలై 1927 ఉగాదికి ముగిసింది. మాఘం దాని చివర్లో వస్తుంది, అంటే 1927 ఫిబ్రవరి ప్రాంతం. ఇంచుమించుగా చైత్రం నుంచి మార్గశిరం దాకా ఒక ఇంగ్లీషు ఏడు, మాఘ ఫాల్గుణాలు ఆ తరవాతి ఏడు, పుష్యం రెంటి నడుమ. ఈ పొరపాటు డెల్టా అంతటా గుడి ఫలకాల మీదా బడి ఫలకాల మీదా ఉన్నదే. పైగా అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది, 1986–87 కూడా అక్షయే. అక్షరాల తీరు, దాత పేరు, సున్నపు గోడ చూసి ఏ చుట్టుదో తేల్చుకోవాలి. పలక మీద ‘శంకుస్థాపన’ అనుందా, ‘ప్రారంభోత్సవం’ అనుందా అన్నది కూడా చూడండి. రెంటి మధ్య రెండు మూడేళ్ళు గడవడం మామూలే. భూమి పత్రాల్లో ఫసలీ (జులైలో మొదలయ్యే రెవెన్యూ లెక్కల) సంవత్సరం కనిపిస్తే, జులై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపండి. ఫసలీ 1336 అంటే 1926 జులై నుంచి 1927 జూన్.

భవనం వయసు కట్టడంలోనూ కనిపిస్తుంది గానీ, పెంకు మీది అంకెను మాత్రం నమ్మకండి. బెంగుళూరు పెంకు తిరగేస్తే అడుగున ముద్ర ఉంటుంది. ‘బాసెల్ మిషన్, మంగుళూరు, 1865’ అని కనిపించగానే ‘మా బడి 1865 నాటిది’ అని ఎగిరి గంతేసేవాళ్ళుంటారు. 1865 ఆ పెంకుల కర్మాగారం పెట్టిన ఏడు, పెంకు కాల్చిన ఏడు కాదు. అంతకన్నా పైకప్పు రకం, గోడలో సున్నం ఉందా సిమెంటు ఉందా అన్నవి మేలైన ఆనవాళ్ళు. టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు మిద్దె ఒక తరం, కాంక్రీటు స్లాబు తరవాతి తరం. గోడ పొర రాలిన చోట రెండు రకాల ఇటుక కనిపిస్తే గది తరవాత పొడిగించారన్నమాట. ఇవన్నీ మునిసిపల్ ఇంజనీరింగు సెక్షన్‌లో పాత ఎస్టిమేటో, ఎం–బుక్కో (పని కొలతలు రాసే పుస్తకం) దొరికితే దానితో సరిచూడాలి.

మునిసిపల్ ఆఫీసులో మీకు కావలసింది కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు. నోటిమాటగా ‘స్కూలు హిస్టరీ ఇవ్వండి’ అంటే ఏ సెక్షన్ క్లర్కూ ఇవ్వలేడు, ఇవ్వడానికి అలాంటి కాగితం ఉండదు గనక. సమాచార హక్కు దరఖాస్తులో ఇలా అడగండి: ‘1944 ఏప్రిల్ నుంచి 1950 మార్చి వరకు హైస్కూలు, ఫోర్త్ ఫారం, పాఠశాల భవనం అన్న విషయాలపై చేసిన కౌన్సిల్ తీర్మానాల నంబర్లు, తేదీలు, నకళ్ళు.’ పట్టణ ఆఫీసులో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ఏ–4 నకలు పేజీకి 2 రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ‘రికార్డు లభ్యం కాలేదు’ అని వస్తే అక్కడితో ఆగొద్దు, రికార్డులు స్వయంగా పరిశీలించడానికి అనుమతి కోరుతూ ఇంకో దరఖాస్తు పెట్టండి. క్లర్కుకు దొరకనిది మీకు దొరకొచ్చు, ఎందుకంటే మీకు పాత పేరు తెలుసు. 2022లో మునిసిపల్ బళ్ళ పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖ చేతికి వచ్చింది. కాబట్టి డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకూ ఒకటి పెట్టండి.

స్థలం సంగతి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తేలుతుంది. దాత ఇచ్చిన స్థలమైతే దాన దస్తావేజు ఒకటో పుస్తకంలో నమోదై ఉంటుంది. పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు రెండు. దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఏడు ఉజ్జాయింపుగా తెలిస్తే మొదటి ఇండెక్సులో వెతికించుకోవచ్చు. ఊళ్ళో చెప్పుకునే ‘ఫలానావారు పదెకరాలిచ్చారు’ అన్నది దస్తావేజులో రెండెకరాల నలభై సెంట్లుగా తేలడం, మిగతాది మునిసిపాలిటీ కొన్నదని తెలియడం అరుదేమీ కాదు. దాత కుటుంబానికి ముందే చూపించి, ఆ తరవాతే అచ్చువేయండి. దస్తావేజులో ‘బడి కోసం తప్ప వేరే వాడకూడదు’ అన్న షరతుంటే దాన్ని మొత్తంగా అచ్చువేయండి. చరిత్రకు పనికొస్తుంది, రేపు ఎవరైనా ఆట స్థలంలో షాపులు కడతామన్నప్పుడూ పనికొస్తుంది.

1953 అక్టోబరు 1కి, అంటే ఆంధ్ర రాష్ట్రానికి, ముందటి సర్కారు ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెళ్ళేముందు గుర్తింపు కార్డు, ఎవరి తరఫున వచ్చారో చెప్పే ఉత్తరం సిద్ధం చేసుకోండి. ఏడాదివారీ ఇండెక్సులో విద్యాశాఖ కింద ఊరి పేరు వెతకాలి, అదీ పాత స్పెల్లింగుతో. కాకినాడ ‘కోకనాడ’, ఏలూరు ‘ఎల్లోర్’, పాలకొల్లు ‘పాలకోల్’, కృష్ణా ‘కిస్ట్నా’. ఇప్పటి స్పెల్లింగుతో వెతికి ఏమీ లేదని తిరిగొస్తే రైలు చార్జీలు దండగ. విద్యాశాఖలో దొరక్కపోతే స్థానిక స్వపరిపాలన శాఖ కింద చూడండి. బోర్డు బళ్ళ అప్పులు, భవన గ్రాంట్లు అక్కడ పడి ఉంటాయి.

పత్రికలు: కృష్ణాపత్రిక 1902 నుంచి, ఆంధ్రపత్రిక దినపత్రిక 1914 నుంచి. ప్రెస్ అకాడమీ వారు పాత సంచికలు చాలా స్కాను చేయించారు. వేటపాలెం సారస్వత నికేతనంలోనూ, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనూ పాత సంచికలు చూడొచ్చు. బడి వార్షికోత్సవ వార్తల కోసం ఫిబ్రవరి, మార్చి నెలలు తిరగేస్తే సగం శ్రమ తగ్గుతుంది.

‘గాంధీగారు మా బడికి వచ్చారు’ అన్నది డెల్టాలో ప్రతి పాత బడీ చెప్పుకునేదే. ఆయన పర్యటనలు రోజువారీగా నమోదై ఉన్నాయి: 1921, 1929, 1933. 1929 పర్యటన ఏప్రిల్, మే నెలల్లో, ఖద్దరు నిధి కోసం. అందులో ఎక్కువ రోజులు బడికి వేసవి సెలవులే. అందుకని సభ బడి ఆవరణలో జరిగి ఉండొచ్చుగానీ ఆయన వచ్చి పిల్లలకు పాఠం చెప్పాడన్నది నిలవదు. తేదీ ఎప్పుడో చూసి, ‘మన మైదానంలో సభ’ అని రాస్తే చాలు, అదే గొప్ప.

స్వాతంత్ర్యం తరవాతి భాగం మీకు సులువే, అయితే రెండు చోట్ల ఆగండి. 1960ల రిజిస్టరులో ‘12వ తరగతి’ కనిపిస్తే రాతపొరపాటు అనుకోవద్దు. సెకండరీ విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ తరవాత కొన్ని బళ్ళను మల్టీపర్పస్ హైస్కూళ్ళుగా చేసి హెచ్.ఎస్.సి. (హయ్యర్ సెకండరీ) అని పన్నెండేళ్ళ చదువు పెట్టారు. 1969లో ఇంటర్మీడియట్ రావడంతో అది పోయి బడి పదో తరగతికి కుదించుకుంది. అందువల్ల ఆ నడుమ విద్యార్థుల సంఖ్య తగ్గితే బడి క్షీణించిందని రాయకండి, పై తరగతులే తీసేశారు. రెండోది, షిఫ్టులు. పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి నడిచిన కాలంలో రెండు హాజరు పట్టీలుంటాయి, ఒకటే చూస్తే సగం లెక్కే వస్తుంది.

కాగితాల ఆరోగ్యం గురించి చెప్పక తప్పదు. మన గాలిలో తేమ ఎక్కువ. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను తరవాత డెల్టాలో ఎన్నో బీరువాల అడుగు అర మట్టి ముద్దయింది. తడిసిన రిజిస్టరును ఎండలో పెట్టొద్దు, సిరా వెలిసి కాగితం వంకర్లు పోతుంది. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, పది పదిహేను పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్ల న్యూస్‌ప్రింటు పెట్టి, తడి పీల్చిన కాగితాన్ని గంట గంటకూ మార్చాలి. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి డీప్‌ఫ్రీజరులో పెట్టి ఒక్కొక్కటే తీయడం మేలు. అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయొద్దు. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. సెల్లోటేపు పదేళ్ళకు పసుపుపచ్చ మరకై అక్షరాన్ని తనతో తీసుకుపోతుంది. బీరువాను గోడకు జానెడు దూరంగా, ఇటుకల మీద ఎత్తి పెట్టండి, చెదలు నేల నుంచీ గోడ నుంచీ వస్తాయి.

మన బడి నాడు–నేడు పనులు 2019లో మొదలయ్యాక గదులు ఖాళీ చేయించినప్పుడు పాత కాగితం తూకానికి పోయే ప్రమాదం పెరిగింది. ఇంకా ఏ మూలనైనా ‘కండెమ్డ్’ (పనికిరానిది) అని రాసిన పెట్టె ఉంటే పుస్తకం పని పక్కన పెట్టి ముందు దాన్ని తెరవండి. ఫోనుతో ఫొటో తీసేటప్పుడు కిటికీ వెలుతురు చాలు, ఫ్లాషు వద్దు. ఫోను పేజీకి సమాంతరంగా ఉండాలి, మొదటి ఫ్రేములో రిజిస్టరు అట్ట, తరవాత వరసగా ప్రతి పేజీ, ఖాళీ పేజీతో సహా. ఖాళీ పేజీ వదిలేస్తే తరవాత ఎవరైనా ‘ఈ పేజీ దాచారు’ అంటారు.

అడ్మిషన్ రిజిస్టరు పేజీలను పుస్తకంలోగానీ వాట్సాప్ గ్రూపులోగానీ ఉన్నదున్నట్టు పెట్టొద్దు. కులం, పుట్టిన తేదీ, తండ్రి పేరు అందులో ఉంటాయి. వాటికి వారసులు ఇదే ఊళ్ళో ఉన్నారు. సంఖ్యలుగా మార్చి వాడుకోండి, చూపించాల్సి వస్తే 1 నంబరు వరసలో తేదీ, తరగతి గడులు మాత్రం కనిపించేలా కోసి అచ్చువేయండి.

ఇక మీ బడి శతాబ్ది. మీరు చెప్పిన వివరాలను బట్టి, కాగితాలు దొరికితే ఫలకం మీద ఇలా రావాలి: ‘పాఠశాల తెరిచింది 1919, ఈ భవనానికి శంకుస్థాపన 1927 ఫిబ్రవరి, నాలుగో ఫారం 1946 జూన్, మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. జట్టు 1949.’ మునిసిపాలిటీ చేతికి వచ్చిన ఏడు దొరికాక దాని చోట దాన్ని చేర్చండి. 1919 లెక్కన బడికి నూరేళ్ళు ఎప్పుడో దాటాయి, 1927 లెక్కన భవనానికి 2027 ఫిబ్రవరిలో నిండుతాయి. పండగ దానికి పెట్టుకోండి, ఆహ్వానంలో ‘పాఠశాల’ అనకుండా ‘పాఠశాల భవన శతాబ్ది’ అని వేయించండి. ఆ ‘శంకుస్థాపన’ మాటను మాత్రం వరండాలోని ఫలకం మీద సున్నం గీకించి కళ్ళారా చదివాకే గ్రానైటు చెక్కేవాడికి ఇవ్వండి. అక్కడ ‘ప్రారంభోత్సవం’ అని ఉంటే భవనం పని మొదలైన ఏడు మళ్ళీ రెండు మూడేళ్ళు వెనక్కి జరుగుతుంది.